చీటీల్లో పడిన ఇరుగుపొరుగు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ నన్నొక మాట అడిగింది. నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పనేమిటో అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంటికి తెచ్చిన బట్టల మీది గ్రీజు మరకలే చెప్పేవి. నా చీర మీద ఏ మరకా ఉండేది కాదు. "ఏమే, నువ్వు ఆడ పొద్దంతా ఏం చేస్తా ఉండావు?" అంది. మనుషుల ఇళ్ళకి వెళ్ళి మాట్లాడతానని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఊరోళ్ళ ఇండ్లల్లో కూసోని మాట్లాడేదానికి గవర్మెంటోళ్ళు జీతమిస్తారా? ముందే తెలిసుంటే మీ మేనత్తకి ఇప్పించుందుమే!" అంది.

నేను చేసింది పేదలకి ఇళ్ళు కట్టించే ప్రభుత్వ విభాగంలో సామాజిక అభివృద్ధి అధికారి ఉద్యోగం. కాలువ గట్ల మీద, రైలు పట్టాల పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న గుడిసెలు తీసేసి, అక్కడివాళ్ళని అంతస్తుల ఇళ్ళకి మారుస్తారు. ఇళ్ళు కట్టేది ఇంజనీర్లు. ఆ ఇళ్ళలో చేరినవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఇరుగుపొరుగు అయ్యేలా చూడటం మా పని. సున్నం వేసి తాళాలు ఇచ్చిన రోజుతో ఇంజనీర్ల పని పూర్తవుతుంది. మాది ఆ రోజే మొదలవుతుంది.

ఇప్పుడు ఈ ఉద్యోగానికి సోషియాలజీ చదివిన పిల్లలు వస్తున్నారు. ఫోన్ చేసి, "మేడం, ఫీల్డులోకి వెళ్ళేముందు ఏం తెలుసుకోవాలి?" అని అడుగుతుంటారు. నా ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. వాటివల్ల నాకు తెలిసివచ్చింది ఏమీ లేదు. ఒక్క బ్లాకు కథ మాత్రం చెబుతాను. నా ఉద్యోగమంతా అందులోనే ఉంది.

గట్టు మీది వీధి

ఆ బ్లాకులోకి రెండు చోట్ల నుంచి జనం వచ్చారు. కొందరు తొండియార్‌పేట సముద్రపు ఒడ్డువాళ్ళు. హార్బరులో కూలిపని, చేపల అమ్మకం వాళ్ళ బతుకు. మాట్లాడేది తమిళం. మిగిలినవాళ్ళు ఒక కాలువ గట్టువాళ్ళు. తాతముత్తాతల నాడు వీధులు ఊడ్చే పనికి నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు. పిల్లలు తమిళంలోకి మారిపోయినా, తిట్టుకోవడానికీ ఏడవడానికీ పెద్దవాళ్ళకి ఇంకా తెలుగే.

గట్టు మీది వీధి చూడటానికి వెళ్ళినప్పుడు ఆఫీసువాళ్ళు నాకొక సర్వే ఇచ్చారు. ఇంటికి ఎందరు, ఎవరి సంపాదన ఎంత, ఎవరేం చదివారు. ఇంటిపెద్ద ఇంట్లో ఉండే వేళకి వెళ్ళి అడగాలి. అడిగాను. అడిగినకొద్దీ ఆ వీధి నాకు అర్థం కావడం మానేసింది. అప్పుడు రవణమ్మ అనే ఆమె తన గుడిసెకి తాళం వేసుకుని బయల్దేరుతూ, ఆ తాళంచెవిని మూడిళ్ళ అవతల ఒకావిడ చేతిలో పెట్టి వెళ్ళడం చూశాను. పక్కింట్లో తన సొంత ఆడబిడ్డ ఉంది. ఆమెకి ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. "తాళం ఎవరి దగ్గర పెట్టి పోతారుమా?" ఆ ఒక్క మాటకి వచ్చిన జవాబుల్లో ఆ వీధిలో ఎవరికెవరు దగ్గరో, ఎవరికెవరితో పడదో అంతా బయటపడింది. పుస్తకాల్లో సమాజ నిర్మాణం అని పెద్ద మాట ఒకటి ఉంటుంది. అది ఆకాశంలో ఉండదు. ఎవరు ఎవరి గడప దాటొచ్చో, ఎవరు గడప బయట నిలబడే మాట్లాడాలో, ఎవరిని పేరుపెట్టి పిలుస్తారో, ఎవరిని 'ఏయ్' అంటారో, అక్కడ ఉంటుంది.

తంగవేలు గారి మాట

మా పై అధికారి పేరు తంగవేలు. ఇళ్ళ కేటాయింపు ఆయన చేతుల్లో ఉండేది. గట్టువాళ్ళందరికీ ఒక వరసలో, ఒడ్డువాళ్ళందరికీ ఇంకో వరసలో ఇళ్ళిమ్మని నేను అడిగాను. తాళంచెవులు ఒకరి దగ్గరొకరు పెట్టుకునేవాళ్ళు పక్కపక్కనే ఉంటే కొత్త చోట బతుకు తేలికవుతుందని నా వాదన. ఆయన ఒప్పుకోలేదు. చీటీలే తీయాలన్నాడు. వికలాంగులున్న ఇళ్ళకి మాత్రం కింది అంతస్తు.

"నువ్వు వీధి బయట నిలబడి వీధిని చూశావమ్మా. నేను అలాంటి వీధిలో పుట్టాను" అన్నాడు. ఆయన మాట్లాడేది తమిళం, నేను తెలుగులో రాస్తున్నాను. "మా వీధిలోనూ అందరూ ఒకరికొకరు ప్రాణమిచ్చేవాళ్ళు. కానీ ఊళ్ళో ఎవరైనా 'ఎక్కడుంటావు' అని అడిగితే, వీధి పేరు చెప్పగానే నా కులం తెలిసిపోయేది. వాళ్ళందరినీ తెచ్చి ఒకే వరసలో పెడితే, ఆ వరసకి అదే పేరొస్తుంది. చీటీకి కులం తెలియదు."

ఆయన చెప్పింది నిజం. నేను చెప్పిందీ నిజమే. రెండు నిజాలు కొట్టుకునే చోటే మన ఉద్యోగం ఉంటుందని ఆ రోజు నాకు తెలియదు.

మూసిన తలుపులు

చీటీల్లో రవణమ్మకి అయిదో అంతస్తు వచ్చింది. భర్త, ఇద్దరు కొడుకులు, అత్త పోలమ్మతో వచ్చి చేరింది. కింద, సరిగ్గా మెట్ల మొదట్లో ఉన్న ఇల్లు కస్తూరికి వచ్చింది. కస్తూరి ఒడ్డు నుంచి వచ్చిన చేపలావిడ. భర్త మురుగేశన్‌కి హార్బరులో పని చేస్తుండగా ఒక కాలు పోయింది. పెళ్ళీడుకొచ్చిన కూతురుంది.

మొదటి నెలల్లో ఆ బ్లాకుకి వెళ్ళాలంటే నాకు దిగులుగా ఉండేది. గుడిసెల్లో మనిషి ఉండగా తలుపు వేయడమే ఎరగనివాళ్ళు, ఇక్కడ తలుపు వేసి, దానిముందు ఇనుప గ్రిల్ పెట్టించి, దానికీ తాళం వేశారు. పేర్లు పోయాయి. పైనుంచి తడిబట్టల నీళ్ళు పడితే కస్తూరి తలెత్తి, "ఏ అయిదో మాడీ!" అని అరిచేది. మాడి అంటే మిద్దె. రవణమ్మ వంగి చూసి, "ఏందే కిందిల్లూ!" అనేది. మీటింగు పెడితే మగవాళ్ళొచ్చి లిఫ్టు గురించి తగువులాడి వెళ్ళేవాళ్ళు. ఆ తగువులో కూడా ఒడ్డువాళ్ళు కుడివైపు, గట్టువాళ్ళు ఎడమవైపు. చీటీలు ఇళ్ళని కలిపాయి కానీ కుర్చీలని కలపలేదు.

పోలమ్మ పోయిన రోజు

ఒక పొద్దున రవణమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మా అత్త పోయింది. కిందికి దించనీకుండా ఉండారు. నువ్వు రాక్కా."

వెళ్ళేసరికి మెట్ల దగ్గర జనం. లిఫ్టు చిన్నది, శవాన్ని పడుకోబెట్టి దించడానికి కుదరదు. నిలబెట్టి దించమని ఎవరో అన్నారట. "మా అవ్వని నిలబెట్టి దించమంటారా?" అని రవణమ్మ పెద్దకొడుకు ఊగిపోతున్నాడు. మెట్ల మీదుగా మోసుకు రావచ్చు. అసలు చిక్కు దించడంలో లేదు, దించాక ఎక్కడ ఉంచాలన్న దాంట్లో ఉంది. పైన వరండాలో నలుగురు నిలబడితే అయిదోవాడికి చోటు లేదు. బంధువులు రావాలి, స్నానం చేయించాలి, డప్పు మోగాలి. పందిరి వేయడానికి ఉన్న ఖాళీ ఒక్కటే, కస్తూరి గడప ముందు. మిగతా చోటంతా బళ్ళు, నీళ్ళ తొట్టి.

కస్తూరి గడపకి అడ్డంగా నిలబడి ఉంది. "రేపు నా బిడ్డకి పూలు పెట్టి సంబంధం ఖాయం చేసుకోడానికి మగపెళ్ళివాళ్ళు వస్తున్నారు మేడం. గడప ముందు శవాన్ని పెడితే వాళ్ళకి నేనేం చెప్పను?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అదీ వాళ్ళ శవాన్ని" అంది.

ఆ రెండో మాట నాకు వినబడింది. వెనకనున్న గట్టు కుర్రాళ్ళకీ వినబడింది. "తెల్లారితే మీ వీధులు ఊడ్చేదానికి మేము కావాల, మా అవ్వ మాత్రం మీ వాకిట్లో పడుకోకూడదా?" అని ఒకడు ముందుకి వచ్చాడు. ఒడ్డు కుర్రాళ్ళూ ముందుకి వచ్చారు. పోలీసులకి చెబుదామని ఎవరో అన్నారు.

నేను పక్కకి వెళ్ళి తంగవేలు గారికి ఫోన్ చేశాను. కింది ఖాళీ స్థలం అందరిదీ అని ఆఫీసు నుంచి ఆర్డరు ఇప్పించమన్నాను.

"ఇస్తాను. గంటలో శవం కిందికి దిగుతుంది. ఆ తర్వాత వాళ్ళు ఆ ఆర్డరు పక్కనే ఏళ్ళతరబడి కాపురం చెయ్యాలి. ఆలోచించుకో" అన్నాడు. "అక్కడ మాట్లాడుతున్నది ఎవరు? మగపిల్లలా?" అని అడిగాడు.

"అవును సార్."

"ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా?"

"లేదు సార్. ఒకావిడ పైన ఉంది, ఒకావిడ కింద ఉంది."

"ముందు ఆ పని చూడు."

నేను కస్తూరి దగ్గరికి వెళ్ళాను. "ఇక్కడ పెట్టొద్దని మీరే వచ్చి రవణమ్మతో చెప్పండి. చచ్చిపోయినావిడ కోడలికి ఆ మాట నేను చెప్పలేను" అన్నాను. కస్తూరి నన్ను తినేసేలా చూసింది. కానీ ఆమె రోషం గల మనిషి. "చెప్పలేననుకున్నారా? పదండి" అని కొంగు దోపుకుని మెట్లెక్కింది. ఆ బ్లాకులో ఆమె పై అంతస్తుకి ఎక్కడం అదే మొదటిసారి.

రవణమ్మ అత్త తల దగ్గర కూర్చుని ఉంది. మొహానికి పసుపు రాసి, దవడకి గుడ్డ కట్టారు. కస్తూరి గడప బయటే ఆగింది. నోరు తెరవబోయి, ఆ మొహం చూసి ఆగిపోయింది.

"ఈవిడా?" అంది. "ఈ పాట్టి ఈ ఇంటిదా?" పాట్టి అంటే అవ్వ.

రవణమ్మ తలెత్తింది. "మా అత్త. నీకెట్లా తెలుసు?"

"మా ఆయన దగ్గర కూర్చునేది ఈవిడే కదా!"

సంగతి ఇది. కస్తూరి చీకటితో చేపలకి వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తుంది. రవణమ్మా తెల్లవారకముందే వీధులు ఊడవడానికి వెళ్తుంది. పగలంతా ఆ బ్లాకులో మిగిలేది ముసలివాళ్ళు, కదల్లేనివాళ్ళు. పుట్టినప్పటి నుంచీ నేల మీద బతికిన పోలమ్మకి అయిదో అంతస్తులో ఊపిరాడేది కాదు. "మన్ను తొక్కొస్తా" అని రోజూ కిందికి దిగేది. దిగి ఎక్కడ కూర్చునేదో రవణమ్మ అడగలేదు. మురుగేశన్ గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆమె మెట్టు మీద కూర్చునేది. గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి, చింతగింజలు అరగదీసి పాచికలు చేసుకుని ఇద్దరూ తాయం ఆడేవాళ్ళు. కస్తూరి వచ్చేసరికి ఆమె లేచి వెళ్ళిపోయేది. ఎవరని అడిగితే మురుగేశన్, "ఎవరో పాట్టి" అనేవాడట. ఆమె ఏ ఇంటిదో అతనూ అడగలేదు. ఆటకి ఆ సంగతి అవసరం లేదు.

"గడప ముందు గళ్ళు చూసి, పెళ్ళీడొచ్చినా చిన్నపిల్ల చేష్టలేమిటని నా బిడ్డని తిట్టేదాన్ని" అంది కస్తూరి.

రవణమ్మకి అంత దుఃఖంలోనూ ఆశ్చర్యం వేసింది. "చింతపండు కొన్నప్పుడల్లా గింజలు యాడికి పోతా ఉండాయా అనుకున్నా" అంది.

కస్తూరి చెప్పాలనుకుని వచ్చిన మాట చెప్పలేదు. కిందికి దిగింది. నేను వెనకే వెళ్ళాను. మురుగేశన్‌కి పైన ఎవరో పోయారని తెలుసు, ఎవరో తెలియదు. కస్తూరి అతని పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. అతను కర్రలు తీసుకుని లేచాడు. తన కుర్చీని గడపలోంచి లోపలికి జరిపాడు.

"రెండు రోజులుగా రాలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నా" అన్నాడు. గడప ముందు చోటు చూపించి, "ఇక్కడే కదా కూర్చునేది. ఇక్కడే పడుకోబెట్టండి" అన్నాడు.

"మరి రేపు?" అంది కస్తూరి. ఒక తల్లికి అది చిన్న విషయం కాదు. ఆ సంబంధం కుదరడానికి ఆమె ఎంత తిరిగిందో ఆ వరసలో అందరికీ తెలుసు.

"వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు మురుగేశన్.

అందరి ముందే చేసింది. మా గడప ముందే శవాన్ని ఉంచుతున్నామని, ఫలానా వాళ్ళ ముసలావిడ అని, ఏదీ దాచకుండా చెప్పింది. అవతల పెళ్ళికొడుకు తల్లి. ఆమె మాట మాకు వినబడలేదు, కస్తూరి జవాబులే వినబడ్డాయి. "పెద్దావిడే... ఆఁ, మనవలకి పెళ్ళీడు... లేదు, నిద్రలోనే." తర్వాత చాలాసేపు ఊఁ కొట్టింది. ఫోన్ పెట్టేసి మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నిండా బతికి పోయిన మనిషి చావుని తమిళులు కల్యాణ చావు అంటారు. "కల్యాణ చావుకి దోషమేమిటమ్మా, ముందు అక్కడి పని చూడు, మేం పై ముహూర్తానికి వస్తాం" అందట ఆ మహాతల్లి. ఆమెని నేను ఎన్నడూ చూడలేదు. నా ఉద్యోగంలో నాకు సాయపడినవాళ్ళలో ఆమెని మొదట చెప్పుకుంటాను.

పోలమ్మని మెట్ల మీదుగా దించారు. మలుపు దగ్గర మంచం తిరక్క ఇబ్బందిపడితే, కాసేపటి ముందు కొట్లాటకి వచ్చిన ఒడ్డు కుర్రాళ్ళే కింది నుంచి పట్టారు. స్నానానికి నీళ్ళు కస్తూరి ఇంట్లోంచి వచ్చాయి. బంధువులకి తాగడానికి నీళ్ళూ ఆ ఇంట్లోంచే వచ్చాయి, ఆ ఇంటి చెంబులతోనే. అందరూ అలా లేరు. కింద మరో రెండు ఇళ్ళవాళ్ళు శవం లేచేదాకా తలుపు తీయలేదు. ఆ రెండు తలుపుల సంగతి చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టే.

మధ్యాహ్నం తంగవేలు గారు దండ తీసుకుని వచ్చాడు. చెప్పులు విడిచి, దండ వేసి, నా పక్కన నిలబడ్డాడు. జరిగింది చెప్పాను. "చీటీలు తీయకపోయుంటే మురుగేశన్‌కి ఆమె దొరికేదా?" అన్నాడు.

"చీటీలు తీసి వదిలేసుంటే సరిపోయేదా సార్?"

ఆయన నవ్వాడు. "అందుకే కదమ్మా నీకు జీతమిస్తున్నది" అన్నాడు.

ఆ తర్వాత

పై ముహూర్తానికి అదే చోట, అదే గచ్చు మీద కస్తూరి కూతురికి పూలు పెట్టారు. మైల తీరలేదని రవణమ్మ దిగలేదు. అయిదో అంతస్తు పిట్టగోడ మీంచి చూస్తూ నిలబడింది. కస్తూరి తన కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తి, రవణమ్మకి చూపించింది.

మీటింగులు మానేశాను. మధ్యాహ్నం వేళ, పనికి పోయేవాళ్ళంతా పోయాక వెళ్ళి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఎవరు ఎవరింటికి వెళ్తారో, ఎవరి పిల్ల ఎవరింట్లో నిద్రపోతుందో అప్పుడే తెలిసేది. మా సర్వేలో ఇంటిపెద్దల్ని అడిగే ప్రశ్నలే ఉండేవి. పగలు ఇంట్లో ఎవరుంటారన్న ప్రశ్న మా తర్వాతి బ్లాకుల నుంచి చేరింది. కింద మెట్ల దగ్గర కొంత చోటు బళ్ళు పెట్టకుండా ఖాళీగా వదలాలని తంగవేలు గారు ఇంజనీర్లతో పోట్లాడి సాధించాడు. చావుకీ పెళ్ళికీ అని కాగితం మీద రాయలేడు కదా, 'గాలి వెలుతురు కోసం' అని రాశాడు.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. పాత వీధిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోకండి, ఆ వీధిలో ప్రేమా ఉంది, ఎవరూ దాటకూడని గీతా ఉంది. కొత్త బ్లాకు కట్టేశాం కాబట్టి గీత పోయిందనీ అనుకోకండి. అది మనుషులతోపాటే సామాను బండెక్కి వస్తుంది. అది చెరిగేది ఎవరూ చూడని వేళలో, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇద్దరి మధ్య. మన పని దాన్ని చెరిపెయ్యడం కాదు. అలాంటి ఇద్దరికి కూర్చోవడానికి చోటుండేలా చూడటం. ఆర్డరు చేతిలో ఉన్నప్పుడు దాన్ని వాడకుండా ఉండటం నేర్చుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పడుతుంది. తొందరపడకండి.

రిటైరయ్యాక కూడా ఆ వైపు వెళ్తే ఆ బ్లాకుకి వెళ్తుంటాను. ఈమధ్య వెళ్ళినప్పుడు రవణమ్మా కస్తూరీ కలిసి నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చారు. మూడో అంతస్తులో ఉత్తరాది నుంచి ఒక కుటుంబం అద్దెకి దిగిందట. మొగుడిది మనలి అనే చోట ఏదో ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఆడమనిషి తలుపు తీయదు, పలకదు, వంటల వాసన వేరు.

"మనోళ్ళ మాదిరి కాదక్కా వాళ్ళు" అంది రవణమ్మ.

"అవును మేడం, మనవాళ్ళలా కాదు" అని తమిళంలో వంత పాడింది కస్తూరి.

"మనోళ్ళంటే ఎవరుమా?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు కస్తూరికి నవ్వొచ్చింది. తర్వాత రవణమ్మకి.

"సరే పో, నేను బొయ్యి పలకరిస్తా" అని రవణమ్మ లేచింది.

"నువ్వు పోతే ఏం లాభం? దానికి హిందీ తప్ప రాదు. నేనూ వస్తా" అంది కస్తూరి.

"నీకొచ్చునా హిందీ?"

"రాదు" అంది కస్తూరి. ఇద్దరూ మెట్లెక్కారు.